మామ బాగుచేసిన కంప్యూటర్

చచ్చినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. నాకు ఆ నియమం మీద గౌరవం లేదు. మొన్న గోలేటిలో మా సామ్యేలు మామ జ్ఞాపకార్థ కూడికకు వెళ్ళాను. మా అమ్మకు ఆయన సొంత అన్న. బొగ్గుగనుల్లో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాడు. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు, ముందు ఆయన ఫొటో, దాని పక్కన మైకు. సంఘపెద్ద ఒకాయన లేచి గొంతు సవరించుకుని, "సామ్యేలన్న చెయ్యి పెడితె నడవని మిషిని లేదు. గోదావరిఖనిల ఆయన కోడలు కంప్యూటరు ఖరాబైతే దుకాణపోళ్ళే చేతులెత్తేసిన్రు. అన్న పోయి గడియల బాగుజేసిండు" అన్నాడు. ఆ మేనకోడలిని నేనే. కుర్చీల్లోని తలలన్నీ నావైపు తిరిగాయి. పాస్టరుగారు మైకు నాకు అందించబోతే గొంతు బాగాలేదని చెప్పాను. గొంతు బాగానే ఉంది. ఆ మైకులో నేను నోరు తెరిస్తే ఆదరణ కూడిక కాస్తా ఇంకేదో అయ్యేది. ఆ రోజు మింగిన మాటలు ఇక్కడ రాస్తున్నాను.

అప్పట్లో మేం గోదావరిఖనిలోని ఎయిట్ ఇంక్లైన్ గని కాలనీలో రెండు గదుల క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాన్న గని ఆఫీసులో గుమస్తా. కూత వేస్తే లేవడం, కూత వేస్తే అన్నం వండడం, కూత వేస్తే తలుపు తీసి పెట్టడం: మా ఇంటిని గడియారం కాదు, గని సైరను నడిపేది. వేకువనే నాయనమ్మ మంచం మీదే కూర్చుని, పక్కింటివాళ్ళ పేర్లు కూడా కలుపుకుని గట్టిగా ప్రార్థన చేసేది. వాళ్ళ తగాదాలు మాకు ఆ ప్రార్థనలోనే తెలిసేవి. క్వార్టర్లలో కరెంటుకు బిల్లు ఉండేది కాదు కాబట్టి ప్రతి ఇంట్లో మట్టిపలక మీద తీగ చుట్టిన హీటరు ఉండేది. పప్పు దానిమీదే, స్నానం నీళ్ళు దానిమీదే, చలికాలంలో నాయనమ్మ కాళ్ళు కాచుకోవడమూ దానిముందే. అన్నం పొంగి గంజి ఎర్రటి తీగ మీద పడితే వచ్చే మాడువాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నాకు ఆ వంటగది కళ్ళముందుకు వస్తుంది. సాయంత్రం కాలనీ మొత్తం ఒక్కసారే హీటర్లు పెట్టేది. అప్పుడు ట్యూబులైటు చచ్చీ చావనట్టు కొట్టుకునేది. పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ పేలితే అల్మారాలో గిన్నెలు గలగలమనేవి. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాసుకునేంత నల్లటి దుమ్ము పేరుకునేది. ఇలాంటి ఇంటికి కంప్యూటర్ వచ్చింది.

నేను డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్నానని నాన్న కొన్నాడు. ఎక్కడ కొనాలో, ఏది కొనాలో నిర్ణయించింది మామ. లక్ష్మీనగర్‌లో తనకు బాగా తెలిసిన దుకాణం ఉందని తీసుకెళ్ళాడు. దుకాణపాయన విడిభాగాలు తెచ్చి, తగరంలా వంగే డబ్బాలో బిగించి ఇచ్చాడు. ముందుగదిలో క్యాలెండరు కింద బల్లేసి పెట్టాం. అమ్మ తన పెళ్ళినాటి దుప్పటి కోసి దానికి ముసుగు కుట్టింది. నేను పాఠాలకు సంబంధించిన పనీ చేసేదాన్ని, ఆటలూ ఆడేదాన్ని. అందులో దాచడానికేముంది? కార్ల పందెం ఆట నాకు పిచ్చి. మా నాన్నకు సైకిలు తప్ప బండి లేదు. నేను మాత్రం రోజూ సముద్రం పక్క రోడ్డు మీద ఎర్రకారు నడిపేదాన్ని. "ఆడపిల్ల గీ కార్లాట ఆడుడేంది?" అని చూడవచ్చిన ప్రతివాళ్ళూ అడిగేవారు. అడిగినవాళ్ళే కుర్చీ లాక్కుని పందెం అయ్యేదాకా చూసేవారు. ఆ ఆట బొమ్మలు ఇంకా బాగా కనపడాలని, పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకుని, కరీంనగర్ వెళ్ళి గ్రాఫిక్స్ కార్డు కొనుక్కుని నేనే బిగించుకున్నాను.

అక్కడినుంచి మొదలైంది. కంప్యూటరులో టైపు చేసుకున్నంతసేపు ఏ తంటా లేదు. పందెం మొదలై కారు మొదటి మలుపు తిరిగేసరికి తెర నల్లబడేది, లోపలి ఫ్యాను ఆగిపోయేది, కాసేపటికి దానంతటదే మళ్ళీ మొదలయ్యేది. డబ్బా మీద చెయ్యి వేస్తే సన్నగా జిల్లుమనేది. నాయనమ్మ ఒకసారి దాన్ని ఆనుకుని, "దీంట్ల చీమలు కుడుతున్నయే" అని చెయ్యి విదిలించుకుంది. నాన్న మామకు ఫోను చేయించాడు. మామ వచ్చాడు.

మామ ఎలా వస్తాడో చెప్పాలి. చొక్కాజేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టరు. గుడికి వచ్చినా అదే, పెళ్ళికి వచ్చినా అదే. ఇంట్లోకి అడుగుపెడుతూనే మెయిను స్విచ్చు దగ్గరికి వెళ్ళి, అడిగినా అడక్కపోయినా దాన్ని పొడిచి చూసి, "ఎవడు చేసిండు గీ వైరింగు?" అనేవాడు. ఆ వైరింగు చేసినవాళ్ళను తిట్టాక టీ తాగేవాడు. గనిలో పెద్ద పెద్ద మోటార్లు చూసుకునే మనిషి కాబట్టి ఆయనకు అన్నీ తెలుసని మా ఇంట్లో ఒక నమ్మకం. ఆయనకు తెలిసినవి ఆయనకు తెలుసు, కాదనను. తెలియనివి కూడా తెలుసుననుకోవడం ఆయన జబ్బు. దాన్ని ఎవరూ కాదనకపోవడం మా ఇంటి జబ్బు.

మొదట, "వేడి" అన్నాడు. డబ్బా పక్క రేకు ఊడదీసి, టేబులు ఫ్యాను దానికెదురుగా పెట్టించాడు. రెండు రోజులకల్లా లోపలంతా బొగ్గుదుమ్ము నిండింది. మలుపు దగ్గర కారు ఆగడం ఆగలేదు. తర్వాత, "ఎర్తింగు లేదు" అన్నాడు. పెరట్లో గుంత తవ్వించి ఉప్పూ బొగ్గూ పోయించి తీగ పాతించాడు. ఆ పని మాత్రం సరైనదే. జిల్లుమనడం పోయింది. నిజం చెప్పాలంటే ఆయన చేసిన మేలు అదొక్కటే. దాన్ని సంఘపెద్దలు మైకులో చెప్పి ఉంటే నేను కూడా ఆమెన్ అనేదాన్ని. కానీ కారు ఆగడం ఆగలేదు. మూడోసారి వచ్చి తెరను చాలాసేపు చూసి, "వైరస్ ఉన్నది దీంట్ల. మొత్తం తుడిచి మళ్ళ ఎక్కియ్యాలె" అన్నాడు.

"వైరస్ అయితే టైపు చేసేటప్పుడు గూడ ఆగాలె గద మామా" అన్నాను. "నేను కార్డు తీసి నడిపించిన. ఒక్కసారి గూడ ఆగలె. కార్డు పెడితేనే ఆగుతున్నది."

"కోడలా, నువ్వు పుట్టకముందు సంది కరెంటుతోని ఆడుకుంటున్న. నాకు చెప్తున్నవా?"

మామకు నేను చెప్పింది వినపడలేదని కాదు. విని, దాన్ని ఆడపిల్ల మాటగా పక్కన పెట్టాడు. మర్నాడు నేను కాలేజీకి వెళ్ళిన సమయంలో దుకాణంనుంచి సీడీ తెచ్చుకుని, అమ్మ పెట్టిన టీ తాగుతూ మొత్తం తుడిచేశాడు. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి తెరమీద పచ్చగడ్డి, నీలాకాశం. "కొత్తదాని లెక్క చేసిన, చూడు" అన్నాడు మీసం సవరించుకుంటూ. తుడిచేసినదాంట్లో నా చివరి ఏడాది ప్రాజెక్టు ఉంది. దవాఖానలో రోగుల వివరాలు చూసుకునే ప్రోగ్రాము. నెలల తరబడి రాసింది. ఫ్లాపీల్లో దాచుకున్నది పాతది, సగానికి తక్కువ. ఆయన ముందు ఏడవలేదు. పెరట్లోకి వెళ్ళి, ఉప్పు పోసిన ఆ గుంత పక్కన నిలబడి ఏడ్చాను.

"బావ తెల్వక చేసిండు, ఊకో బిడ్డా" అన్నాడు నాన్న.

"తెల్వనోడు ముట్టుడెందుకు?" అంది నాయనమ్మ లోపలినుంచి, అందరికీ వినపడేలా. మా ఇంట్లో ఆ ప్రశ్న అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

అంత చేసి, తన ఘనత చూపించడానికి మామే నాచేత ఆట మళ్ళీ ఎక్కించి పందెం పెట్టించాడు. కారు కదిలింది. మలుపు వచ్చింది. తెర నల్లబడింది. మామ తెరను చూడలేదు, గోడను చూశాడు. "మీ ఇంటి వోల్టేజి మంచిగ లేదు" అన్నాడు.

ఆ తర్వాత దుకాణం. కంప్యూటర్ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో లక్ష్మీనగర్ వెళ్ళాం. దుకాణపాయన దాన్ని ఆన్ చేసి, ఏబీసీడీలు టైపు చేసి, "మంచిగనే నడుస్తున్నది గదా సామ్యేలన్నా" అన్నాడు. కంప్యూటర్ నాది, చెబుతున్నది నేను, ఆయన మాట్లాడేది మామతో. ఆట పెట్టి చూడండి అన్నాను. "దుకాణంల గేములు ఆడియ్యం అమ్మా" అన్నాడు నవ్వి. జ్వరం ఎండలో తిరిగితే వస్తుందని చెప్పిన రోగిని నీడలో కూర్చోబెట్టి చెయ్యి పట్టుకుని చూసే వైద్యుడు ఎలాంటివాడో ఈయనా అలాంటివాడు. చివరికి ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, "మదర్‌బోర్డు వీకయింది" అన్నాడు. మదర్‌బోర్డు ఎక్కడ వీకయిందో, ఎట్లా తెలిసిందో అడిగితే నావైపు చూడకుండా పక్క గిరాకీకి మౌసు చూపించడం మొదలుపెట్టాడు.

ఇంటికి వచ్చాక మామ మనసులో మాట బయటపడింది. "గీ మిషిని నేను గోలేటికి తీస్కపోత. మా దగ్గర మంచి పనోళ్ళున్నరు, చూపిస్త. మా పిలగాడు జాన్ గూడ కంప్యూటర్ నేర్చుకుంటున్నడు, కొన్నాళ్ళు వాని దగ్గరుంటది. గీడ ఆటలాడుడు గూడ బందైతది" అన్నాడు. నాన్న తలూపాడు. బావ మాటకు తలూపడం మా నాన్నకు ఆఫీసులో సంతకం పెట్టడం లాంటిది, చదవకుండానే చేసేవాడు. "మంచం కోడు ఇరిగితే మంచమే ఎత్తుకపోతడా మీ బావ?" అంది నాయనమ్మ. వచ్చే ఆదివారం గుడి అయ్యాక వచ్చి తీసుకెళ్తానని మామ వెళ్ళిపోయాడు. ప్రాజెక్టు పోయింది, మళ్ళీ రాద్దామంటే యంత్రమే పోబోతోంది. గోలేటికి వెళ్ళిన కంప్యూటర్ తిరిగిరాదని ఇంట్లో అందరికీ తెలుసు. అనడానికే ఎవరికీ నోరు లేదు.

ఆదివారంలోగా నేను చేసింది గొప్ప పనేమీ కాదు. బుర్ర పెట్టి ఒకదాని తర్వాత ఒకటి చూశాను, అంతే. ఈ మగమహారాజుల్లో ఎవరూ చెయ్యనిది అదే. వోల్టేజి తప్పయితే కాలనీలో హీటర్లు పెట్టని మధ్యాహ్నంపూట ఆగకూడదు. మధ్యాహ్నం ఆడి చూశాను, ఆగింది. కాబట్టి తప్పు గోడలోంచి వచ్చే కరెంటుది కాదు. కార్డు కాలిపోయి ఉంటే బొమ్మే రాకూడదు. బొమ్మ శుభ్రంగా వస్తోంది. కార్డు తీసేస్తే ఏ ఇబ్బందీ లేదు, పెట్టి గట్టిగా పని చెబితేనే ఆగుతోంది. అంటే ఇంటి కరెంటును లోపలి భాగాలకు తగినట్టు మార్చి పంచే పవర్ సప్లయి డబ్బా ఆ బరువు మొయ్యలేకపోతోంది. ఒక కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో, లోపలి వోల్టేజీలు చూపించే చిన్న ప్రోగ్రాము దొరికింది. పన్నెండు వోల్టులు ఉండాల్సిన చోట పందెం మొదలుపెట్టేసరికి అంకె కిందికి జారడం, జారి జారి మలుపు దగ్గర అంతా ఆరిపోవడం నా కళ్ళతో చూశాను. ఆ డబ్బా మీద అంటించిన కాగితంలో ఎంత గొప్ప శక్తి రాసి ఉందో చెప్పను. కాగితం అంటించడానికి శక్తి అక్కర్లేదు.

అయినా అనుమానం అనుమానమే. వేరే డబ్బా పెట్టి చూస్తే కానీ రుజువు కాదు. కాలేజీ ల్యాబు మేడమ్‌ను అడిగాను. పాడైన యంత్రంలోంచి బాగున్న పవర్ సప్లయి ఒకటి ఊడదీసి ఇస్తూ, "లోపలి మూత మాత్రం తియ్యకు, వైరు పీకినంక గూడ కరెంటు కొడ్తది" అని ఒక్కటే జాగ్రత్త చెప్పింది. ఆడపిల్లవు నీకెందుకని అనలేదు. దాన్ని చేతిలోకి తీసుకోగానే బరువుకు చెయ్యి కిందికి వంగింది. మా పవర్ సప్లయి డబ్బానైతే ఒంటిచేత్తో బంతిలా ఎగరెయ్యొచ్చు.

ఆదివారం మామ సుతిలితాడుతో, పాత దుప్పటితో వచ్చాడు, కంప్యూటర్ కట్టుకుపోవడానికి. వంటగదిలో మటన్ ఉడుకుతోంది. "కట్టే ముందు ఒకసారి చూడు మామా" అని పందెం పెట్టాను. అంకె ఎలా పడిపోతుందో చూపించాను. ఆరిపోయింది. వైరు పీకి, మరలు విప్పి, అందరి ముందూ పాత డబ్బా తీసి మేడమ్ ఇచ్చింది బిగించాను. నాయనమ్మ పీట దగ్గరికి లాక్కుంది. మళ్ళీ పందెం. కారు మొదటి మలుపు తిరిగింది. రెండోదీ తిరిగింది. లోపల అమ్మ హీటరు మీద అన్నం పెట్టడంతో ట్యూబులైటు కొట్టుకుంది, కారు ఆగలేదు. పందెం చివరిదాకా వెళ్ళి, తెరమీద నా పేరు పడింది. నాన్న ఒక అడుగు ముందుకు వేసి ఆ పేరు చదువుకున్నాడు.

మామ నవ్వాడు. నోరు మాత్రమే వెడల్పయ్యే నవ్వు. "నేను మొదటి సంది గదే అంటున్న గదా బావా! కరెంటు ప్రాబ్లమని! కోడలు నా మాట విన్నది, గందుకే దొరికింది" అన్నాడు. అక్కడితో ఆగినా సరిపోయేది. "అయినా మిషిని ఒక వారం నా దగ్గర పెట్టుకుని చూస్త. మళ్ళ ఏమన్న ఐతే పరేషాన్" అంటూ కంప్యూటర్ మీద దుప్పటి వేశాడు. నేను నోరు తెరిచాను. నాన్న నేలను చూస్తున్నాడు.

అప్పుడు అమ్మ వంటగది గడపలోకి వచ్చింది. చేతిలో గరిటె. జన్మలో అన్న మాటకు ఎదురు చెప్పిన మనిషి కాదు. ఆయన వస్తే కొంగు సర్దుకుని గోడవారకు నిలబడేది.

"అన్నా, అన్నం సల్లారుతున్నది. రా. మిషిని బిడ్డ చూసుకుంటది."

"అది గాదు చెల్లె, నేనేమంటున్ననంటే..."

"బిడ్డ చూసుకుంటదన్న గదా. కూసో."

గొంతు పెంచలేదు. వచ్చి, కంప్యూటర్ మీది దుప్పటి తీసి, మడతపెట్టి ఆయన చేతికిచ్చింది. మామ కూర్చున్నాడు. తిన్నాడు. మటన్ రెండోసారి కూడా వేయించుకున్నాడు. అవమానం ఆయన ఆకలి జోలికి పోలేదు. వెళ్ళేటప్పుడు మెయినును మరోసారి పొడిచి చూసి, ఆ వైరింగు చేసినవాళ్ళను మరోసారి తిట్టి వెళ్ళాడు. ఆ కథ గోలేటి చేరేసరికి కంప్యూటర్ బాగుచేసింది ఆయనయ్యాడు.

ప్రాజెక్టు మళ్ళీ రాశాను. ఆలస్యమైంది, మార్కులు కోశారు, అయినా గట్టెక్కాను. అరువు డబ్బా మేడమ్‌కు తిరిగిచ్చేశాను. నాన్న ఎవరినీ సలహా అడక్కుండా, నన్ను మాత్రం వెంటబెట్టుకుని కరీంనగర్ వెళ్ళి, నేను చూపించిన పవర్ సప్లయి కొని, తువ్వాల్లో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. క్షమాపణ అడగడం మా నాన్నకు చేతకాదు, మొయ్యడం వచ్చు.

ఆ రోజులే మంచివని నేననను. ఇప్పటిరోజులు మేలని కూడా అనలేను. ఇప్పుడు నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను, నలభై దాటినా సెలవురోజున పందెం ఆడుతూనే ఉంటాను. మా కాలనీలో హీటర్లు పోయి గ్యాసుపొయ్యిలు వచ్చాయి. గాజుపలకల వెనక రంగురంగుల లైట్లు వెలిగే కంప్యూటర్లు వచ్చాయి. కొనేవాళ్ళ తెలివి మాత్రం ఎక్కడ వేసిన గొంగడి అక్కడే ఉంది. లైట్లకు డబ్బు పెడతారు, కార్డుకు పెడతారు, అన్నిటికీ ప్రాణం పోసే డబ్బా దగ్గరికొచ్చేసరికి దుకాణపాయన ఏదిస్తే అది. ఆట మధ్యలో ఆగిపోతే వాట్సప్ గ్రూపులో పెడతారు. కంప్యూటర్‌ను చూడనివాళ్ళంతా జవాబులు చెబుతారు: తుడిచి మళ్ళీ ఎక్కించు, కార్డు మార్చు, ఏసీ పెట్టించు. మొన్నొక సహోద్యోగి అలాగే తుడిచేసి కూతురి పుట్టినరోజు ఫొటోలన్నీ పోగొట్టుకున్నాడు. ఎప్పుడు ఆగుతోంది, ఏం చేస్తే ఆగడం లేదు అని ఆ గ్రూపులో ఒక్కరు కూడా అడగలేదు. మామ ఒక్కడే అనుకున్నాను, ఊరంతా మామలే. పాతమామ కనీసం బస్సెక్కి వచ్చేవాడు.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. కూడిక నుంచి వచ్చిన నాలుగు రోజులకు, వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే అడిగాను. "ఆ రోజు అన్నకు ఎదురు చెప్పినవు గద అమ్మా. నేను చెప్పింది నీకు అంత సమజైందా?"

అమ్మ తలెత్తలేదు. "నువ్వు చెప్పిన వోల్టు గీల్టు నాకేం తెలుస్తది బిడ్డా. మా అన్న ముఖం తెలుస్తది. చిన్నప్పటి సంది గంతే, తెల్వని దగ్గర గట్లనే నవ్వుతడు."

ఒక కాయ ఈనె తీసి గిన్నెలో వేసింది. ఇంకొకటి అందుకుంది.

"నవ్వుతుండె" అని దిద్దుకుని, గిన్నె నావైపు తోసింది.